ఎండెక్కితే మరిచిపోయే మెషీను

చైత్ర బహుళ నవమి. పడమటి గాడ్పు. ఆకాశం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. పొద్దున్నే కోడి ఈకతో మెషీను ఫ్యాన్ల దుమ్ము దులిపాను.

నిన్నటి లెక్క తప్పలేదు, కాని ఆలస్యంగా వచ్చింది. ఉప్పుటేట్లో సముద్రపు నీరు ఎదురెక్కి మా లంక లాకులకి ఏ వేళకి చేరుతుందో మెషీను ముందుగా చెప్పాలి. అది చెప్పేసరికి లాకుల దగ్గరుండే ఏసుపాదం ఏటి నీళ్ళు నాలిక మీద వేసుకుని, ఉమ్మేసి, తలుపులు దించే చక్రం పట్టుకున్నాడు. నాలికకి తెలిసిన తరువాత వ్యవధి ఉండదు. తలుపులు దిగేలోపు కొంత ఉప్పు మంచినీళ్ళ గుంటలోకి వచ్చేసింది.

"పెళ్ళయిపోయాక బాజాలోళ్ళు దిగినట్టు దిగింది బాబాయ్ నీ లెక్క" అన్నాడు ఏసుపాదం.

"లెక్క తప్పలేదుగా."

"తప్పలా. ఉప్పు నా నోట్లో పడ్డాక ఉప్పొచ్చిందని చెప్పింది. ఆ మాటకొస్తే నా నాలికా తప్పలా."



పోయినేటి తుఫానుకి ఏరు సముద్రంలో కలిసే మొగ వెడల్పయింది. అప్పటినుంచి పోటు తొందరగా ఎక్కుతోంది. ఏటి పొడుగునా కట్టిన తేలుడు డబ్బాలు తెల్లవారేసరికి నీటి మట్టం, ఉప్పు, వేగం రేడియోలో పంపుతాయి. అవి మెషీనుకి ఎక్కిస్తే సాయంత్రానికి లెక్క తేలుతుంది. పోటు సాయంత్రం దాకా ఆగడం లేదు.

మెషీను వేగం పెంచాలి. ఇంకో మెషీను దొరికే మాట లేదు. చిప్పులు తయారు చేసే కార్ఖానాలు ఎక్కడో ఉండేవని మా నాన్న తరం వాళ్ళు విన్నారు, అంతే. ఉన్నదాన్నే తోలాలి.

చైత్ర బహుళ దశమి. గాడ్పు తగ్గలేదు. మెషీను గది రేకుల కింద కొత్త తాటాకు కప్పించాను.

నిన్న ముందు ప్రాసెసర్ వేగం పెంచి చూశాను. లెక్క ఒక్క ఘడియ కూడా ముందుకి జరగలేదు. వంటవాడు ఎంత చురుకైనా సామాను అందించేవాడు నెమ్మదైతే పొయ్యి ఉత్తగా మండుతుంది. ఇక్కడ సామాను అందించేది మెమరీ. దాని నాలుగు స్టిక్కులూ విప్పి చూశాను. వాటి మీద అతికించిన చీటీలో ఉన్న వేగం ఒకటి, అవి నడుస్తున్న వేగం ఒకటి. ఎప్పుడో బ్యాటరీ కలిసొస్తుందని ఎవరో అతి తక్కువ వేగంలో పెట్టి వదిలేశారు. చీటీలో ఉన్నంత ఇచ్చి, ఆ పైన ఇంకాస్త ఇచ్చాను.

ఇవాళ నాంచారమ్మ అత్త రోజూలాగే చీకటితోనే వచ్చింది. గది ముందు కల్లాపి చల్లి, ముగ్గు వేసి, గచ్చు చల్లబడేలా లోపల కూడా నీళ్ళు చిలకరించి, మేలుకొలుపు పాడి, మెషీను మీట నొక్కింది. ఆ మీట ఆవిడ తప్ప ఎవరూ నొక్కరు. ఆవిడకి ముందు వాళ్ళ అమ్మ నొక్కేది. పొద్దుగూకాక జోలపాడి ఆపేదీ ఆవిడే. బ్యాటరీలు రాత్రంతా మోయలేవు కనక ఎలాగూ ఆపాల్సిందే. పాట ఎప్పుడు చేరిందో నాకు తెలియదు.

ఫ్యాన్లు తిరిగి ఆగాయి. మళ్ళీ తిరిగి ఆగాయి. తెర నల్లగానే ఉంది.

"అలిగింది" అంది నాంచారమ్మ అత్త. "ఏం చేశావురా దాన్ని?"

"వేగం పెంచానత్తా."

"పడుకున్నదాన్ని లేపీ లేపగానే పరిగెత్తమంటే నువ్వు పరిగెత్తుతావా?"

బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. అది తీసి కాసేపు ఉంచితే మెషీను నేను పెట్టిన అమరికలన్నీ మరిచిపోయి మొదటికి వస్తుంది. అలా చేసి, వేగం ఒక మెట్టు దించాను. రెండో పాటకి లేచింది.

లెక్క మధ్యాహ్నం భోజనాలకి ముందే వచ్చింది. ఏసుపాదం సంతోషం పట్టలేక పనిలేకుండానే డప్పు మోగించాడు. అది చక్రం తిప్పడానికి మనుషుల్ని పిలిచే డప్పు. నలుగురు పరిగెత్తుకొచ్చి వాణ్ణి తిట్టి వెళ్ళారు.

చైత్ర బహుళ ద్వాదశి. ఉక్క. గాలి లేదు. తేలుడు డబ్బా ఒకటి తాడు తెంచుకుంటే వెళ్ళి కట్టి వచ్చాను.

మెషీను ఇవాళ ఉప్పు నిన్న చేరుతుందని చెప్పింది.

"నిన్న రావాల్సిన ఉప్పంట, ఎవరన్నా చూశారా?" అని ఏసుపాదం దారిన పోయేవాళ్ళందరినీ అడిగాడు.

మెమరీని పరీక్షించే ప్రోగ్రాం ఒకటి ఉంది. మెమరీలోని ప్రతి గడిలోనూ ఏదో రాసి, తిరిగి చదివి, రాసిందీ చదివిందీ ఒకటేనా అని చూస్తుంది. అది పెట్టాను. పొద్దున ఒక్క తప్పు లేదు. ఎండెక్కాక తెర మీద ఎర్ర గీతలు మొదలయ్యాయి. ఒకటి రాస్తే ఇంకొకటి చదువుతోంది. ఏ స్టిక్కుదో తెలియదు. రేపటినుంచి చూడాలి. నిజానికి ఈ వెతుకులాట నాకు బాగానే ఉంది.

చైత్ర బహుళ చతుర్దశి. మళ్ళీ గాడ్పు. వట్టివేళ్ళ తడిక అల్లడం అయింది.

స్టిక్కుల అంచుల్లో బంగారు పూత ఉంటుంది. నాలుగింటినీ మెత్తటి రబ్బరుతో రుద్ది తుడిచాను. ఒక్కొక్కటే పెట్టి పరీక్షించాను. ఏ ఒక్కదానిలోనూ తప్పు లేదు. నాలుగూ కలిస్తే తప్పు. స్టిక్కులు పెట్టే గాడులు మార్చాను, తప్పు మారలేదు. పోట్లాడే అన్నదమ్ముల్ని విడివిడిగా అడిగితే ఒక్కొక్కడూ మంచివాడే.

వేగానికి తగిన బలం అందడం లేదేమోనని వోల్టేజి చిటికెడు పెంచాను. పొద్దున బాగుంది. ఎండెక్కాక తప్పులు రెట్టింపయ్యాయి. పెంచింది దించేశాను.

తప్పులు వేడికి వస్తున్నాయన్నది తేటతెల్లం. కాబట్టి చల్లబరచాలి. కిటికీకి వట్టివేళ్ళ తడిక కట్టి నీళ్ళు పోశాను. నాంచారమ్మ అత్తని రేపటినుంచి గచ్చు మీద ఇంకో రెండు బిందెలు చల్లమన్నాను. ఆవిడ సంతోషంగా ఒప్పుకుంది. తప్పులు తగ్గాయి. పోలేదు.

అమావాస్య. తూర్పు గాలి, పలచటి మబ్బు. పొద్దున తడిక తడిపాను.

లెక్క భోజనాలకి ముందే వచ్చింది. దీపాలు పెట్టే వేళకి ఉప్పు చేరుతుందని చెప్పింది. నమ్మేట్టే ఉంది. గాలిని, చంద్రుణ్ణి చూసి ఎవరైనా అదే అంటారు. తలుపులు ఎత్తి ఉంచారు.

ఉప్పు గేదెలు ఇంటికి మళ్ళే వేళకే వచ్చింది.

డప్పు మోగింది. నేనూ వెళ్ళి చక్రం పట్టుకున్నాను. తలుపులు దిగేసరికి గుంట దక్షిణపు కొసన చేపపిల్లలు తెల్లగా తేలుతున్నాయి.

నిన్న చేరుతుందన్న అబద్ధం ఎవరికీ కీడు చేయలేదు. ఇవాళ్టిది నిజంలా ఉంది.

వైశాఖ శుద్ధ పాడ్యమి. మబ్బు విడిపోయింది. పని ఏమీ చేయలేదు.

లంక పెద్ద వరాలమ్మగారు అందరినీ గుంటగట్టు మీదికి పిలిచింది. ఉన్న మంచినీళ్ళు లంకంతటికీ వర్షాలదాకా చాలవు. పౌర్ణమి పోటుకి ముందు ఎగువనుంచి తీపినీళ్ళు కొంత దిగుతాయి. అవి లోపలికి పట్టి, ఉప్పు రాకముందే తలుపులు దించగలిగితే అందరూ ఉండొచ్చు. లేకపోతే కొందరు మెరకకి వెళ్ళిపోవాలి. లంక కట్టుబాటు ప్రకారం ఆఖరున వచ్చినవాళ్ళు ముందు వెళ్ళాలి.

ఆఖరున వచ్చినవాళ్ళు ఏసుపాదం వాళ్ళు. వాడు, భార్య కరుణమ్మ, ఇద్దరు ఆడపిల్లలు, వాడి తల్లి.

ఎవరూ వాడి వైపు చూడలేదు. వాడే అన్నాడు, "మెరక మీద ఉప్పుండదంట. నా నాలిక్కి సెలవు."

ఎవరూ నవ్వలేదు. వాడు నవ్వాడు.

వైశాఖ శుద్ధ విదియ. ఎండ. తేలుడు డబ్బాల రేడియో బ్యాటరీలు మార్చాను.

లెక్క తప్పితే తప్పిందని తెలిసే దారి ఒకటి పెట్టాను. ఏట్లోకి వచ్చిన నీరు, పోయిన నీరు, మిగిలిన నీరు. ఈ మూడూ ఇంటి జమాఖర్చులాగే చివర్లో సరిపోవాలి. మెషీను లెక్కతో పాటు ఇది కూడా చూపించాలి. అమావాస్యనాటి అంకెలు ఇంకా ఉన్నాయి. వాటికి కట్టి చూశాను. మన గుంట లాంటివి మూడు నిండేంత నీరు ఎక్కడికి పోయిందో లెక్కలో లేదు.

ఇది ముందే చూడాల్సింది.

వైశాఖ శుద్ధ తదియ. విపరీతమైన ఎండ. తడిక తడపడం.

మిట్టమధ్యాహ్నం ఒక గూడబాతు సౌరపలకల మీద దిగింది. ఏడాది పిల్లంత బరువుంటుంది ఆ పక్షి. తీగ తెగి మెషీను ఆగిపోయింది. తీగ కలిపేసరికి చెమటలు పట్టాయి. నాంచారమ్మ అత్త పొద్దున మీట నొక్కి, పక్క లంకలో పురుడు పోయడానికి వెళ్ళింది. పాట లేదు, కల్లాపి లేదు. తడిక ఎండిపోయి ఉంది. గది పొయ్యిలా ఉంది. మీట నేనే నొక్కాను.

ఎందుకైనా మంచిదని మెమరీ పరీక్ష పెట్టాను. ఎర్ర గీతల కోసం ఎదురు చూస్తూ కూర్చున్నాను. రాలేదు. పొద్దుగూకేదాకా ఒక్కటి రాలేదు.

ఇంత వేడిలో ఎందుకు రాలేదు?

వైశాఖ శుద్ధ చవితి. ఎండ. తెగిన తీగకి గుడ్డ చుట్టాను.

మామూలుగా తెల్లవారుజామున పాటతో లేచింది. ఎండెక్కాక గీతలు వచ్చాయి. నిన్నటికంటే గది చల్లగా ఉంది కూడాను.

కల్లాపి చల్లబరిచేదే కనక దాన్ని వదిలేస్తే, నిన్నటికీ ఇవాళ్టికీ తేడాలు రెండు. లేచిన వేళ. పాట. రెండింటినీ విడదీస్తే గాని తెలియదు.

వైశాఖ శుద్ధ పంచమి. ఎండ. గది ముందు గట్టు పూడ్చాను.

నాంచారమ్మ అత్తని అడిగాను, "రేపు ఒక్క పూట పాట మానుతావా అత్తా?"

"నేను పోయాక మానుతుంది."

"పరీక్ష కోసం."

"నా పాట మీద అనుమానమా నీకు?"

"అన్నిటి మీదా అనుమానమే. నేను పెట్టిన వోల్టేజి మీద కూడా."

"సరే, తప్పు నా మీద లేదని తేలితే లంకంతా తిరిగి నువ్వే చెప్పాలి" అంది.

వైశాఖ శుద్ధ షష్ఠి. ఎండ. చిన్న పనులు.

నాంచారమ్మ అత్త చీకటితో వచ్చి కల్లాపి చల్లి, పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని మీట నొక్కింది. ఎండెక్కాక గీతలు ఎప్పటిలాగే వచ్చాయి. పాటది తప్పు కాదు. నేను చెప్పేలోపే ఆవిడ లంకంతా తిరిగి చెప్పేసింది.

ఇక మిగిలింది లేచిన వేళ.

వైశాఖ శుద్ధ సప్తమి. సాయంత్రం కొంచెం పైరగాలి. ఫ్యాన్ల దుమ్ము దులిపాను.

దొరికింది.

మెషీను లేచిన ప్రతిసారీ, మనకి తెరమీద ఏమీ కనపడకముందే ఒక పని చేస్తుంది. ప్రతి స్టిక్కులోనూ ఏదో రాసి, తిరిగి అడిగి, జవాబు ఎంతసేపటికి అందుతోందో చూసుకుంటుంది. ఆ రోజంతా అంతే సేపు ఆగి చదువుతుంది. మళ్ళీ కొలవదు. ఆ కొలతలు అమరికల పేజీలో ఒక మూల ఉంటాయి. ఇన్నాళ్ళూ వాటి వైపు చూడలేదు, అవి నేను మార్చగలిగేవి కావు కనక. ఇవాళ తెల్లవారుజామున లేచినప్పటివి కాగితం మీద దింపాను. మిట్టమధ్యాహ్నం ఆపి లేపి మళ్ళీ దింపాను. వేరుగా ఉన్నాయి.

మనం గచ్చు కడిగి, గది చల్లబరచి లేపుతున్నాం. అది చలిలో కొలుచుకుంటోంది. ఎండెక్కాక స్టిక్కులు వేడెక్కి జవాబు అందే వేళ మారుతుంది. అది మాత్రం పొద్దున్న కొలత పట్టుకునే చదువుతుంది. పాత వేగంలో ఈ కాస్త తేడా సర్దుకుపోయేది. ఇప్పుడు సందు లేదు. నేను వోల్టేజి పెంచితే వేడి పెరిగి తేడా ఇంకా ఎక్కువైంది. రెండు బిందెలు ఎక్కువ చల్లించి పొద్దున్న చలిని కూడా నేనే పెంచాను.

లాకుల దగ్గరికి వెళ్ళి ఏసుపాదానికి చెప్పాను. వాడు డప్పుని నెగడు దగ్గర కాస్తున్నాడు.

"ఓస్, ఇంతేనా? డప్పు కాచకుండా ఊరేగింపుకి బయల్దేరినట్టు" అన్నాడు. "అయితే మధ్యాహ్నం లేపు."

"మధ్యాహ్నం లేపితే లెక్క పొద్దుగూకేసరికి వస్తుంది."

"మళ్ళీ బాజాలోళ్ళ కథే" అని డప్పు మీద చెయ్యి వేసి చూసుకున్నాడు. "పున్నమికి ఇంకా టైముందిలే బాబాయ్" అన్నాడు. మెల్లగా అన్నాడు.

వైశాఖ శుద్ధ అష్టమి. పైరగాలి ఆగిపోయింది. తడిక విప్పేశాను.

ముందు గదిని చల్లబరచడం మానాలి. అది నాంచారమ్మ అత్తకి చెప్పాలి. పొద్దుటినుంచి మాటలు వెతుక్కుని వెళ్ళాను.

"కల్లాపి వద్దా? గచ్చు కడగొద్దా?" అంది ఆవిడ.

"వద్దత్తా. అది చలిలో లేస్తోంది. లేచేటప్పుడే వెచ్చగా ఉండాలి."

"మా అమ్మ నాటినుంచి గచ్చు కడిగి లేపుతున్నాం. అప్పుడు లేని రోగం ఇప్పుడెందుకొచ్చింది?"

"అప్పుడు అది నడిచేది. ఇప్పుడు పరిగెత్తుతోంది."

"వెచ్చగా అంటే ఎంత?"

"పగటి వేడంత. తెల్లవారుజామునే. అదెలాగో నాకు తోచడం లేదు."

ఆవిడ ఒత్తులు చేస్తోంది. ఒత్తి చివర నలుపుతూ ఆగింది.

"ఇప్పుడే భూమ్మీద పడ్డ బిడ్డని ఎక్కడ పెడతారు?" అంది.

నాకు అర్థం కాలేదు.

"పురిటింట్లోరా. తలుపులు వేసి, మంచం కింద కుంపటి పెట్టి, చెయ్యి కాచి ఒంటికి కాపడం పెట్టరూ? చలిగాలి తగిలితే బిడ్డ నలతపడదూ? అంతమందికి పురుళ్ళు పోసిన దాన్ని, ఇన్నాళ్ళూ దీన్ని చన్నీళ్ళలో లేపానా!" ఒత్తులు పక్కన పడేసి లేచింది. "ముందే చెప్పవేం? రోగం దాచి మందడిగినట్టుంది నీ వ్యవహారం."

వైశాఖ శుద్ధ నవమి. ఎండ. బూడిద ఎత్తిపోశాను.

తెల్లవారుజామున కుంపటి వెలిగింది. తలుపు, కిటికీ మూసేశాం. నాంచారమ్మ అత్త చెమటలు కారుతూ మేలుకొలుపు పాడింది. రెండో చరణంలో అలవాటు కొద్దీ నిప్పుల మీద సాంబ్రాణి వేసింది. పొగంతా ఫ్యాన్లు లోపలికి పీల్చుకున్నాయి. మెషీను కంటే ముందు నాకు దగ్గు వచ్చింది. సాంబ్రాణి గడప బయట వేసేట్టు, కుంపటి బల్లకి జానెడు కిందుగా ఉండేట్టు, ఎండ రేకుల మీద పడేదాకా నిప్పులు ఉంచేట్టు ఒప్పందం చేసుకున్నాం. గాలి కోసం పైన ఒక తాటాకు జరిపాను.

స్టిక్కు మీద వేలు పెట్టి చూసి ఆవిడ, "ఊఁ, బిడ్డ ఒళ్ళు వెచ్చగానే ఉంది" అని మీట నొక్కింది.

ఎండెక్కింది. గీత రాలేదు.

వైశాఖ శుద్ధ ఏకాదశి. ఎండ. గీత లేదు. నీళ్ళ లెక్క సరిపోయింది.

వైశాఖ శుద్ధ త్రయోదశి. ఉక్క. ఎగువన మెరుపులు కనిపించాయి. కుంపటికి బొగ్గులు తెచ్చాను.

గీత లేదు. మబ్బు పట్టి గది చల్లబడితే ఏమవుతుందో తెలియదు. వేడిలో కొలుచుకున్నది చలిలో తప్పుతుందేమో. మధ్యాహ్నం తడిక మళ్ళీ కట్టి, తడిపి, కావాలనే చల్లబరచి చూశాను. ఒక్క గీత వచ్చింది. తడిక విప్పేశాను. మబ్బు పడితే పగలు కూడా కుంపటి ఉంచాలి. ఇంత ఆసక్తిగా ఉన్న పని నా జీవితంలో ఇంకొకటి లేదు. ఆ మాట ఇక్కడ రాయడం సబబు కాదేమో.

వచ్చేటప్పుడు లాకుల మీదుగా వచ్చాను. కరుణమ్మ ఇంటి ముందు తిరగలి రెండు రాళ్ళూ విడదీసి వేరువేరు గోనెల్లో కడుతోంది.

"బరువని ముందే కడుతున్నా అన్నయ్యా. పడవలో కింద ఉండాలి కదా" అంది.

నేను సరే అన్నాను. రెండో గోనె మూతి కట్టేదాకా పట్టుకున్నాను.

పౌర్ణమి. తూర్పు గాలి, తెల్లవారి సన్నటి మబ్బు. కుంపటి రెండుసార్లు నింపాం. ఫ్యాన్ల దుమ్ము దులిపే రోజు ఇవాళ. తీరలేదు.

ఎగువన వాన పడినట్టుంది. పొద్దుటినుంచి బుడమేటి నీరు ఎర్రగా దిగుతోంది. తీపినీళ్ళు. ఎత్తిన తలుపుల కిందనుంచి గుంటలోకి వడిగా పోతుంటే లంకంతా గట్టు మీద నిలబడి చూస్తోంది. పిల్లలు దోసిళ్ళతో తాగుతున్నారు.

లెక్క అందరూ చెప్పుకుంటున్న వేళకి చాలా ముందు చెప్పింది. గేదెలు మళ్ళే వేళకి కాదు, భోజనాలు పూర్తయ్యే వేళకే ఉప్పు చేరుతుంది. ఇప్పుడే దించడం మొదలుపెట్టాలి. కాగితం తీసుకుని లాకులకి వెళ్ళాను.

వరాలమ్మగారు కాగితం చూసి నీళ్ళ వైపు చూసింది. "ఇట్టాంటి నీళ్ళు దిగి ఎన్నాళ్ళయింది తమ్ముడూ? ఇప్పుడు తలుపులు దించమంటావా?"

"మెషీను అంటోంది."

"నువ్వేమంటావు?"

"నీళ్ళ లెక్క సరిపోయింది. మెమరీ పరీక్షలో ఐదారు రోజులుగా ఒకే ఒక్క తప్పు వచ్చింది, అది నేను తెచ్చిపెట్టింది. అంతకంటే నాకు తెలియదు."

"అమావాస్యనాడు కూడా ఇట్టాగే కాగితం పట్టుకొచ్చావు."

"తెచ్చాను."

ఏసుపాదం వంగి ఏటి నీరు నోట్లో పోసుకున్నాడు. పుక్కిలించి మింగేశాడు. తియ్యటి నీళ్ళు కదా.

"దించుతా" అన్నాడు.

"ముందే దించేస్తే లోపలి నీళ్ళు చాలవురా. వెళ్ళాల్సింది మీరే" అంది వరాలమ్మగారు.

"ఆలస్యమైతే ఉప్పొచ్చుద్ది. అప్పుడూ వెళ్ళేది మేమే. ఎటు తిరిగినా మేమే అయినప్పుడు చక్రం నా చేతిలో ఉండటమే నాయం పెద్దమ్మా." నా వైపు తిరిగాడు. "బాబాయ్, ఇయ్యాల దానికి కాపడం బాగా పట్టిందా?"

"పట్టింది. నాంచారమ్మ అత్తే చెయ్యి పెట్టి చూసింది."

"అయితే ఇంకేం?" అని డప్పు తీశాడు.

తలుపులు దిగాయి. దిగిన తలుపులకి కొట్టుకుని తీపినీళ్ళు మళ్ళీ ఏట్లోకే మళ్ళి మా కళ్ళముందే దిగువకి పోతున్నాయి. ఒక ముసలాయన నన్ను తిట్టాడు. కరుణమ్మ గట్టు మీద పిల్లల్ని దగ్గరికి తీసుకుని నిలబడింది. అక్కడ ఉండలేక గదికి వచ్చాను. నాంచారమ్మ అత్త కుంపటి పక్కన కూర్చుని విసురుకుంటోంది.

భోజనాల వేళ అయింది. మేమిద్దరం తినలేదు. భోజనాలు పూర్తయ్యే వేళ అయింది. డప్పు లేదు, కేక లేదు.

ఇప్పుడే ఏసుపాదం వచ్చాడు. రెండు చేతుల్లో రెండు చెంబులు. ముఖంలో ఏమీ తెలియనివ్వడం లేదు.

"ఒకటి తలుపు బయటిది, ఒకటి లోపలిది. ఏది ఏదో చెప్పు చూద్దాం. మెషీను చెప్పటం కాదు, నువ్వు చెప్పు."

మొదటిది నోట్లో పోసుకుని గుమ్మం బయటికి ఉమ్మాను. నాంచారమ్మ అత్త ముగ్గు మీద పడింది. ఆవిడ చేతిలో విసనకర్ర ఆగింది.

"రెండోది?" అన్నాడు.

రెండోది ఖాళీ చేసి ఇచ్చాను.

వాడు ఖాళీ చెంబులోకి చూసి, "నాకు కాస్త ఉంచొచ్చుగా బాబాయ్" అన్నాడు. నాంచారమ్మ అత్త విసనకర్రతో వాడి వీపు మీద ఒకటి వేసి, ఇంటికి పోయి భార్యకి చెప్పమంది. గుంట వర్షాలదాకా చాలుతుందని వరాలమ్మగారు అంది, అదీ చెప్పే వచ్చానన్నాడు. వెళ్ళాడు.

గాలి లాకుల వైపునుంచి వీస్తోంది. తిరగలి చప్పుడు వినిపిస్తోంది. గోనె విప్పి తీసిన రాయి ముందు గాడిలో పడక కాస్త గరగరలాడి, ఇప్పుడు సాఫీగా తిరుగుతోంది.

లెక్క, ఉప్పు చేరిన వేళ కాగితం మీద పక్కపక్కన వేసుకోవాలి. రేపటికి బొగ్గులు తక్కువ ఉన్నాయి. పొద్దున మిగిలిపోయిన పని ఫ్యాన్ల దుమ్ము. కోడి ఈక తీసుకుని లేస్తున్నాను.